గోడ పక్క డాక్టరు

ఆ అటెండరు మీసం కత్తిరించుకుంటే లోకంలో సగంమంది చెవిటివాళ్ళకి ఉద్యోగాలొస్తాయి. పై పెదవిని పూర్తిగా కప్పేసి, కింది పెదవి మీదికి కూడా చూరులా వాలిన ఆ మీసం వెనకనుంచి అతను పేర్లు పిలుస్తున్నాడు. పిలవడమని నేను మర్యాదకి అంటున్నాను. తలుపు సందులోంచి తల ఒక్కటే బయటపెట్టి, గొణిగి, గొణిగినంత వేగంగానూ లోపలికి లాక్కుంటున్నాడు. తాబేలు నయం, అది బయటపెట్టిన తలని కాసేపైనా ఉంచుతుంది. ఇందాక గొణిగిన పేరు నాదేనేమోనని సగం లేచాను. ఎదురు కుర్చీలోని నిగనిగలాడే బూట్ల కుర్రాడు పూర్తిగా లేచి, నా వంక చూసి నవ్వి, లోపలికి పోయాడు. లేచిన సగాన్ని ఏం చెయ్యాలో తెలియక నడుం పట్టేసినవాడిలా మొహం పెట్టి, చెయ్యి వెనక్కి ఆనించి, మూలుగుతూ మళ్ళీ కూర్చున్నాను. యాభై ఆరేళ్ళవాడు నడుంనొప్పి నటిస్తే అది నటన అని నడుముకే తెలియదు. ఆ కుర్రాడు పొద్దున్న వచ్చినప్పటినుంచీ పుస్తకంలో పసుపు గీతలు గీసి, గీతల మీద మళ్ళీ గీతలు గీసి, పెదాలు కదుపుతూ బట్టీ పట్టాడు. వాడి పెదాలు మాత్రం ఎంత శుభ్రంగా కదులుతాయో, ఎదురుగా కూర్చున్నందుకు నాకు మూడు పాఠాలు ఉచితంగా వచ్చేశాయి: సీసం ఒంట్లోకి ఎలా చేరుతుంది, మోతకి పోయిన చెవి గ్రాఫులో ఎక్కడ గుంటపడుతుంది, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని ఎలా తింటుంది. వాడు రాతిదుమ్ము చూసి ఉండడు. ఆ బూట్లే సాక్ష్యం.

ఒక్క సీటు. పనిచేసేచోట పనివల్ల వచ్చే జబ్బులుంటాయే, చెవుడు, దగ్గు, చేతుల వణుకు, చర్మం పొరలు పొరలుగా లేచిపోవడం, వాటి వైద్యంలో స్పెషలిస్టు శిక్షణకి ఈ ఏడాది ఈ ఆసుపత్రిలో ఉన్నది ఒకే ఒక్క సీటు. దానికోసం ఈ కారిడార్ నిండా మనుషులు. మనుషులనడం కూడా ఎక్కువే, పిల్లలు. ఇద్దర్ని కలిపి కూడితే గానీ నా వయసు రాదు. పొద్దున్న గేటు దగ్గర ఇదే మీసం నన్ను ఆపి, "పేషెంట్లు వెనక గేటునుంచి రావాలి బాబాయ్," అంది. మీసమే అంది, దాని వెనక మనిషిని నేనింకా చూడలేదు. చెవి దగ్గరికొచ్చి అరిచాడు కాబట్టి వినపడింది. పేషెంట్లతో అందరూ అరిచే మాట్లాడతారు, ఆ ఒక్క విషయంలో వాళ్ళ బతుకు సుఖం. "నేను డాక్టర్ని," అన్నాను. "డాక్టరుగారు పదింటికి గానీ రారు, నీడలో కూర్చో," అన్నాడు. ఇంటర్వ్యూ కాగితం తీసి ముక్కు కింద పెట్టాక కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూసి, అందులోని మనిషిని నేను చంపి ఆ చొక్కా తొడుక్కొచ్చానేమో అన్నట్టు తలుపు తీశాడు. లోపలికొచ్చిన మనిషినల్లా తలనుంచి కాలిదాకా చూసి లెక్క కట్టే ఆ కళ్ళు ఎక్కడివో నాకు తెలుసు, లోపల ఇంటర్వ్యూ చేస్తున్న పెద్ద స్పెషలిస్టు దగ్గర నేర్చుకున్నవే.

ఆయనకి, నేను డాక్టరుగా పనిచేసే ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన పేరు కాదుగారు. ఎవరికే జబ్బొచ్చినా 'పనివల్ల కాదు' అని రాస్తాడు కాబట్టి. చెవుడా? వయసువల్ల. వయసు ముప్పయ్యా? పాటలు గట్టిగా పెట్టుకుని ఉంటాడు. దగ్గా? సిగరెట్లవల్ల. సిగరెట్లు తాగడా? పక్కింటివాడు తాగుతాడు. నడుంనొప్పా? ఇంట్లో బీరువా జరిపి ఉంటాడు. ఒకడి చెయ్యి ప్రెస్సులో పడి వేళ్ళు తెగిపోతే, ఆ వేళ్ళు పుట్టుకతో ఉన్నట్టు రుజువేమిటని రాశాడని మా క్యాంటీన్లో చెప్పుకుంటారు. అది అబద్ధం, పుట్టించింది నేనే. కానీ విన్నవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఇది అబద్ధమనలేదు; అదీ ఆయనకున్న పేరు. ఈ జబ్బు పనివల్లనే వచ్చిందని నేనెన్ని సర్టిఫికెట్లు రాసినా అవి సర్టిఫికెట్లు కావు, దండాలు. మామూలు డాక్టరు రాస్తే చాలదు, స్పెషలిస్టు చూసి ఔననాలి. ఇన్నేళ్ళుగా చూస్తున్న స్పెషలిస్టు ఒకడే, ఈ తలుపు వెనకవాడే. వచ్చే ఏడాదినుంచి స్పెషలిస్టు కానివాడు ఫ్యాక్టరీ క్లినిక్‌లో కూర్చోనే కూడదని కొత్త నిబంధన ఒకటి. అంటే సీటొస్తే నాలుగేళ్ళు ఆయన కింద నేర్చుకుని, ఆయన 'కాదు' రాసే గడిలో నేను 'ఔను' రాయొచ్చు. రాకపోతే నా కుర్చీలోకి ఎవడో నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టిపోయేవాడొస్తాడు. ఆయన దగ్గరే విద్య నేర్చుకుని ఆయన్నే కొట్టాలని ఇంత నీచమైన ఆశయంతో ఈ వరసలో ఇంకెవరూ కూర్చోలేదు. మిగతావాళ్ళవన్నీ సేవాభావాలు. ఫైళ్ళలో రాసుకొచ్చారు.

తలుపు కదిలిందా? లేదు, ఫ్యాను గాలి. ఈ ఫ్యాను తిరగడం కనపడుతోంది గానీ మోత లేదు నాకు. ఉండే ఉంటుంది; ఇంత ముసలి ఫ్యాను ఊరికే తిరగదు. లోకంలో ముందు పోయినవి పిట్టలు. ఒకరోజు పొద్దున్న పిట్టలన్నీ వలసపోయాయనుకున్నాను, పోయింది నేను. తరవాత ఫోను మోత, తరవాత పిల్లల మాటలు, తరవాత మా ఆవిడ గుసగుసలు; మొదట్లో అదొక అదృష్టమే అనుకున్నాను, దాచడమెందుకు. ఇప్పుడు మాటలు వినపడతాయి గానీ పళ్ళూడిన మాటలు, నడుమ నడుమ అక్షరాలుండవు, ఆ ఖాళీల్ని ఎదుటివాళ్ళ పెదాలు చూసి నేను పూరించుకోవాలి. వినికిడి మిషను ఉంది. జేబులో ఉంది. చెవిలో పెట్టుకుని వస్తే గుమ్మంలోనే ఆపేస్తారు, ఎందుకంటే ఈ సీటుకి ఎంపికైనవాడు ఏ మిషనూ లేకుండా వినికిడి పరీక్షలో నెగ్గాలట. ఏ కాలంలో ఎవడు రాశాడో ఆ నిబంధన, బహుశా గుర్రాల మీద వైద్యం చేసే రోజుల్లో. ఆ పరీక్ష సంగతి తరవాత చూసుకుందాం, ముందు సీటు రానీ అన్నాను మా ఆవిడతో. "వాళ్ళడిగింది మీకు వినపడకపోతే?" అంది, చొక్కా గుండీలు పెడుతూ, నా మొహానికి ఎదురుగా మొహం పెట్టి, ముప్పయ్యేళ్ళ కాపురంలో నాతో మాట్లాడే పద్ధతి అదొక్కటే అయిపోయింది. "ఏదో ఒకటి చెప్తాను," అన్నాను. "వినపడనప్పుడు మీరెప్పుడూ చెప్పేది అదేగా. కాకపోతే కాస్త పొట్టిగా చెప్పండి. సీసాలు నాట్యమాడిన కథ మాత్రం వద్దు." ఆవిడ తమ్ముడి మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తకుండా గుండీ మాత్రం రెండుసార్లు పెట్టింది.

సీసాల కథ అబద్ధమని ఆవిడ ఉద్దేశం. మాది రేకుల్ని నొక్కి డబ్బాలు, మూతలు చేసే ఫ్యాక్టరీ. అవతల ప్రెస్సుల షెడ్డు, ఇవతల నా క్లినిక్కు, మధ్యన ఒక్క ఇటుక మందం గోడ. ఆ గది ఇంకెవరూ వద్దన్నారు కాబట్టి డాక్టరుకిచ్చారు. ప్రెస్సు ఒక్క దెబ్బ వేస్తే అల్మైరాలో మందుసీసాలు ఒక్క అడుగు వేసేవి. పొద్దున్న దగ్గుమందున్నచోట సాయంత్రానికి కడుపునొప్పి మందు నిలబడి ఉండేది, ఏమీ ఎరగనట్టు. గోడమీద బల్లులు మొదటి వారంలోనే రాజీనామా చేసి వెళ్ళిపోయాయి. గుండె విందామని స్టెతస్కోపు పెడితే ప్రెస్సే వినపడేది, దాంతో మా ఫ్యాక్టరీలో అందరి గుండెలూ ఒకే లయలో కొట్టుకునేవి; భోజనాల గంటకి ప్రెస్సు ఆగినప్పుడు అందరూ ఒక్కసారి చచ్చి, గంట తరవాత మళ్ళీ బతికేవాళ్ళు. ఈ మోత ఎక్కువగా ఉందయ్యా అని మేనేజరుకి రాస్తే మనిషిని పంపి కొలిపించాడు. అంతా హద్దులోనే ఉందని వచ్చింది. కొలిచింది భోజనాల గంటలో. ఇది మాత్రం నేను పుట్టించలేదు, దీన్ని పుట్టించేంత తెలివి నాకు లేదు. సీసాలు నడిచాయంటే నవ్వినవాళ్ళు ఇది చెప్తే నమ్మారు, నమ్మి ఊరుకున్నారు. అందుకే నేను సీసాల దగ్గరే ఆగిపోతుంటాను.

నిగనిగ బూట్లు బయటికొచ్చాయి. మొహం వెలిగిపోతోంది. అలా వెలిగిపోతూ వచ్చిన అభ్యర్థిని చూస్తే నాకు లోపల ఎక్కడో పుండు మీద వేలు పెట్టినట్టుంటుంది. మీసం మళ్ళీ గొణిగింది, ఇంకెవడో వెళ్ళాడు. కారిడార్ గోడకి పెద్ద బొమ్మ, ఒకడు చెవులకి బిరడాలు పెట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు, కింద 'మీ చెవులు మీ బాధ్యత' అని రాసుంది. నా చెవులు నా బాధ్యత. మోత మాత్రం ఎవరి బాధ్యతో రాయడానికి చోటు చాలలేదు. ఈ బొమ్మ వేయించింది కూడా కాదుగారే అయ్యుంటాడు, ఆ పళ్ళికిలింపులో ఆయన రాత పోలిక ఉంది.

మా బావమరిది. గోడకి అవతలివాడు. మా ఆవిడ తమ్ముడు, నేను ఆ ఫ్యాక్టరీలో చేరకముందునుంచీ ప్రెస్సు మీద ఉన్నవాడు. ఏటా మా క్లినిక్‌లోనే వినికిడి పరీక్ష. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, సిస్టరు బయట మిషను మీద కూతలు వేస్తుంది, వినపడితే వేలెత్తాలి. ఏటా వాడి చెవులు బ్రహ్మాండం. పరీక్షలో నెగ్గనివాణ్ణి ప్రెస్సునుంచి తీసి ప్యాకింగ్‌లో వేస్తారు, అక్కడ ఓవర్‌టైమ్ ఉండదు, మగాడు మూతలు తుడుచుకుంటూ కూర్చోవాలి, అందుకని మా ప్రెస్సు షెడ్డంతా బ్రహ్మాండమైన చెవులే. ఒకసారి వాడి పరీక్ష మధ్యలో మిషను తీగ ఊడి కూతలు ఆగిపోయాయి. సిస్టరు గమనించలేదు, కూత వినపడేది లోపలివాడికే గానీ ఆమెకి కాదు కదా, మీటలు నొక్కుతూనే ఉంది. లోపల మావాడు వేలెత్తుతూనే ఉన్నాడు. చచ్చిన మిషనుకి టంచనుగా జవాబిస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మీట నొక్కేముందు ఆ సిస్టరు కుడి భుజం ఇంత, వెంట్రుకవాసి, లేస్తుంది. వాడు ఇన్నేళ్ళూ విన్నది ఆ భుజాన్ని. షెడ్డులో అందరికీ తెలుసట, కొత్తగా చేరినవాడికి ముందు ఇదే నేర్పుతారట.

ఆ సాయంత్రం వాడింటికెళ్ళాను. "ఎందుకురా దాచావు?" అంటే, "ప్యాకింగ్‌లో వేస్తారు బావా," అన్నాడు. "మరి చెవులు?" "అవెలాగూ పోయాయిగా. ఉద్యోగం కూడా పోగొట్టుకోవాలా?" ఇద్దరం చెవిటివాళ్ళం ఇంత మాట ఒకరికొకరం అరిచి చెప్పుకునేసరికి తగువు పడుతున్నామని వీధివాళ్ళు విడదీయడానికొచ్చారు. తరవాతి నెలలో వెనకనుంచి అరిచిన కేక వినపడక వాడు ట్రాలీ కిందపడ్డాడు, కాలు నిలిచింది గానీ ఉద్యోగం నిలవలేదు. చెవుడు పనివల్లేనని నేను రాశాను. పాత పరీక్షలన్నీ బాగున్నాయి, ఒక్క ఏడాదిలో పోయిన చెవులు పనివల్ల కాదు, అని రాశాడు కాదుగారు. పాత పరీక్షలన్నీ భుజం చూసి నెగ్గినవండీ అని మళ్ళీ రాశాను. పరీక్షలో మోసం చేసినవాడి మాట నమ్మదగినది కాదు, అని మళ్ళీ కొట్టేశాడు. అందం చూడండి, వినపడుతుందన్నా కాదే, వినపడదన్నా కాదే. ఇప్పుడు వాడు ఇంట్లో తలుపువైపు మొహం పెట్టి కూర్చుంటాడు, ఎవరైనా వస్తే తెలియాలిగా. ఈ రోజు లోపల నేను చెప్పాలనుకున్నది ఇదే. పరీక్ష చేసేవాడికి వీపు పెట్టి కూర్చోబెట్టకపోతే పరీక్ష పరీక్షే కాదని, మంచి రికార్డంటే మంచి చెవులని కాదని, నా దగ్గరున్న ఆయుధం ఇదొక్కటే, బట్టీ పట్టకుండా వచ్చేది.

ఇక పక్కన ఈ అమ్మాయి. వచ్చి కూర్చోగానే, "అంకుల్, మీ అమ్మాయి లోపలుందా?" అంది. పెదాలు చక్కగా కదుపుతుంది, అది నచ్చింది. అడిగిన మాట నచ్చలేదు. "మా అమ్మాయి ఇంట్లో ఉంది. లోపలికెళ్ళాల్సింది నేను," అన్నాను. "ఓ," అంది. ఆ ఓ లోపల మూడు రకాల జాలి ఉంది, విడివిడిగా లెక్కపెట్టాను. కాసేపాగి, "మిమ్మల్ని పిలిస్తే నేను చెప్తానులెండి," అంది. కనిపెట్టేసింది. ఒక్క నిమిషంలో. ఒళ్ళు మండిపోయింది. ఇంత చురుకైనదానికి సీటు రాక నాకెందుకొస్తుంది? సరే, బెదరగొడదామని మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ చూశావా అమ్మా? లేదట. ఆసుపత్రి తప్ప ఏమీ చూడలేదట. అయితే విను, అని సీసాల్ని నడిపించాను, బల్లుల చేత రాజీనామా ఇప్పించాను, మా వంటమనిషి ప్రెస్సు ఊపుకి పెరుగు చిలికి వెన్న తీసేదని ఒక కొత్తది అక్కడికక్కడే కల్పించాను. పకపకా నవ్వింది. భుజం సంగతి కూడా చెప్పాను. నవ్వుతూనే చెప్పాను, చచ్చిన మిషనుకి వేలెత్తిన మనిషిని నా చెయ్యెత్తి చూపిస్తూ. అక్కడ మాత్రం నవ్వు ఆపి, తల పక్కకి వంచి, కళ్ళు పెద్దవి చేసి వింది. పిల్ల మనసు కరిగిందనుకున్నాను. మనసు కాదది, జ్ఞాపకశక్తి పనిచేస్తోందని నాకెందుకు తోచలేదో. అంతలో మీసం గొణిగింది, ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెళ్ళింది.

ఇప్పుడు నన్ను పిలిస్తే చెప్పేవాళ్ళు లేరు. ఆ మీసాన్నే చూస్తూ కూర్చోవాలి. రెప్ప వేస్తే నా పేరు దాటిపోవచ్చు, దాటిపోతే 'రాలేదు' అని రాసేస్తారు, 'కాదు' తరవాత కాదుగారికి ఇష్టమైన మాట అదే అయ్యుంటుంది. మా ఊరి బడిలో ఒకే గది, అయిదు తరగతులు. మాస్టారు మధ్యలో తిరుగుతూ ఒక వరసకి ఎక్కాలు, ఒక వరసకి పాఠం, ఒక వరసకి తిట్లు ఒకే ఊపిరిలో చెప్పేవారు. ఆ గోలలోంచి నా తరగతి మాట ఒక్కదాన్నే నేను దారంలా లాక్కునేవాణ్ణి. పై తరగతి పాఠం కూడా ముందే వచ్చేసేది. "వీడివి చెవులు కావురా, గుంటనక్కలు," అనేవారు మాస్టారు. నాన్న పొలంలో పిలిస్తే బడిలో వినపడేది. అబద్ధం, పొలం బడి వెనకే. కానీ ఆ చెవులతోనే కదా డాక్టరీ చదివాను, గుండెలో ఈలని గుండె చప్పుడులోంచి విడదీసి వినేవాణ్ణి, నా తోటివాళ్ళు స్టెతస్కోపులు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళు నేను విన్నది విందామని. ఎవరికిచ్చాను ఆ చెవుల్ని? డబ్బా మూతలకి. దగ్గుమందు డబ్బా మూత విప్పేవాడెవడికైనా తెలుసా అందులో నావి కాస్త ఉన్నాయని. నా చెవుల్ని ఏ సిస్టరూ పరీక్షించలేదు. డాక్టరు చెవుల్ని పరీక్షించాలని మేనేజరుకి తోచలేదు, సిస్టరుకి తోచలేదు, నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు, గోడ ఇవతలివాణ్ణి కదా అనుకున్నాను.

వచ్చింది. ఆ అమ్మాయి పరిగెత్తుతున్నట్టే వచ్చింది, నా ఎదురుగా నిలబడి మొహం వంచి, నాకు తెలియాలని ఒక్కొక్క మాటా విడదీసి, "అంకుల్, థాంక్స్! మీ భుజం కథ చెప్పాను లోపల. సార్‌కి ఎంత నచ్చిందో!" అంది.

"ఏమని చెప్పావమ్మా?"

"వర్కర్లు పరీక్షల్లో ఎలా మోసం చేస్తారో, వాళ్ళని పట్టుకోవడం మన స్పెషాలిటీలో ఎంత ముఖ్యమో చెప్పాను. సరిగ్గా చెప్పావమ్మా అన్నారు సార్. మీ ఫ్యాక్టరీ పేరు కూడా చెప్పాను, మీకూ ఉపయోగమని."

"ఆ మోసగాడు మా బావమరిది," అన్నాను.

మొహంలో వెలుగు ఆరిపోవడం చూశాను. ఆరిపోయినందుకు సంతోషించాను, ఎందుకు సంతోషించకూడదు?  తరవాత అంది, "మీరు నవ్వుతూ చెప్పారు కదండీ. నేను నవ్వే కథ అనుకున్నాను."

 తిట్టాలని నోటిదాకా వచ్చిన తిట్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుని వెనక్కి పోయాయి. ఆమె నా భుజం మీదుగా తలుపువైపు చూసి, "మిమ్మల్నే పిలుస్తున్నారు," అంది. లేచాను. ఈసారి నడుం నిజంగానే పట్టేసింది.

పెద్ద గది, పొడుగు బల్ల, అవతల ముగ్గురు. ఎడమన నెరిసిన జుట్టు మేడమ్, ఎక్కడో దూరపు ఆసుపత్రినుంచి పరీక్షకురాలిగా పిలిపించిన స్పెషలిస్టట, పేరు ముందున్న చెక్క మీద రాసుంది. కుడిన నిబంధనల ఆఫీసరు, ఫైళ్ళ గుట్ట వెనక తల పైభాగం మాత్రం కనిపిస్తోంది. మధ్యన కాదుగారు. ఎప్పుడూ కాగితాల మీద ఆయన ఎర్ర సిరా చూడటమే గానీ మనిషిని ఇంత దగ్గరగా చూడలేదు. రాక్షసుడుగా ఉంటాడనుకున్నాను, పెళ్ళివాళ్ళింట్లో చుట్టంలా ఉన్నాడు, తెల్లగా, మెత్తగా, చొక్కా ఇస్త్రీ చెక్కు చెదరకుండా. అది మరీ కోపం తెప్పించింది. "కూర్చోండి, కూర్చోండి. మీ చేతిరాత నాకు బాగా పరిచయం," అన్నాడు, పెదాలు బాగానే కనిపించాయి. "ఆ భుజం కథ మీదేనట కదా. ఇందాకే విన్నాం, బాగా నవ్వుకున్నాం. ఇంకేమైనా కొత్తది ఉందా?"

ఉన్న ఒక్క ఆయుధాన్నీ ముందే వాళ్ళ బల్ల మీద పెట్టేసి పోయింది పిల్ల, పిడి వాళ్ళ వైపు తిప్పి. అదే కథని నేను మళ్ళీ చెప్తే, మోసగాడి చుట్టం మోసగాణ్ణి వెనకేసుకొస్తున్నాడంటారు. సీసాలు? బల్లులు? మా ఆవిడ వద్దంది. నేను నోరు తెరిచేలోపు ఆయన వెనక్కి వాలి, ఆలోచిస్తున్నవాడిలా అరచెయ్యి నోటిమీద పెట్టుకుని, ఆ చేతి వెనకనుంచే ఏదో అడిగాడు. కళ్ళు నా మీదే ఉన్నాయి. చెయ్యి మీద ఉంగరం ఉంది, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి, పెదాలు లేవు. మోత మాత్రం వచ్చింది, గోడ అవతలనుంచి వచ్చినట్టు. ఏమడిగి ఉంటాడు? ఈ వయసులో ఎందుకు అనా? నాతో పడగలవా అనా? వినపడనప్పుడు చెప్పడానికి నా దగ్గరొక జవాబుంది, ఎక్కడైనా అతుకుతుంది: 'అవునండీ, అది చాలా ముఖ్యమైన విషయం.' సమావేశాల్లో అదే, పెళ్ళిళ్ళలో అదే, ఒకసారి ఒకాయన వాళ్ళ నాన్న పోయాడని చెప్పినా అదే. ఆ ఒక్క వాక్యంతో ఇన్నేళ్ళు నడిపాను. ఇప్పుడూ అంటే దాటిపోవచ్చు. సీటు రావచ్చు కూడా; ఆయనకి ఔననేవాళ్ళంటే ఇష్టమై ఉంటుంది. వాక్యం నాలుక చివరికొచ్చింది. ఆయన మళ్ళీ అడిగాడు, చెయ్యి తియ్యకుండానే. నా మొహం చూస్తున్నాడు. అప్పుడర్థమైంది, ఈయనకి తెలిసిపోయింది, ఆడుకుంటున్నాడు. అయినా సరే ఔనంటే చాలు, ఆడుకుని వదిలేస్తాడు. నాలుగేళ్ళు ఆడుకుంటాడు. నాలుగేళ్ళ తరవాత నేనూ అలాగే చెయ్యి నోటిమీద పెట్టుకుని ఇటువైపు కూర్చుంటాను.

"వినపడలేదండీ," అన్నాను.

ఆఫీసరు ఫైళ్ళ పైనుంచి కళ్ళు బయటపెట్టాడు. మేడమ్ నావైపు తిరిగి, పెదాలు స్పష్టంగా కదుపుతూ అడిగింది. "మీకు వినికిడి తక్కువా?"

"తక్కువేనండీ. రెండు చెవులూనూ. మిషను జేబులో ఉంది."

కాదుగారు చెయ్యి తీశాడు. మొహమంతా విచారం, పెదాల చివర మాత్రం కాదు. "అయ్యో పాపం. మరైతే నిబంధన ప్రకారం..." అని ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ఫైళ్ళని పక్కకి జరిపి, ఒక కాగితం తీసి, "అనర్హత పత్రం రాయాలండీ. స్పెషలిస్టు సంతకం కావాలి," అన్నాడు.

"రాయండి," అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు, కిటికీ మీద పావురం లేచిపోయింది. "అందులో కారణం అని ఒక గడి ఉంటుంది, అది కూడా నింపండి. వయసువల్ల అని రాస్తారేమో, ముందు పరీక్ష చేయించండి. మోతవల్ల పోయిన చెవికి గ్రాఫు మీద ఒక పద్ధతిలో గుంటపడుతుందని ఇందాక బయట ఒక కుర్రాడు బట్టీ పడుతుంటే చూశాను. పాత పరీక్షలు బాగున్నాయని రాస్తారేమో, నాకు పాత పరీక్షలు లేవు. నన్నెవరూ గాజు గదిలో కూర్చోబెట్టలేదు, నేనెవరి భుజాన్నీ చూడలేదు. నేను పనిచేసింది ఒకే ఒక్క గదిలో, మీరు చెవులు బాగున్నాయని రాసిన షెడ్డుకి ఇవతల, గోడ పక్కన. సీటుకి నేను పనికిరాననండి, ఒప్పుకుంటాను. ఎందుకు పనికిరానో మాత్రం మీ చేత్తో మీరే రాయాలి."

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడలేదనే అనుకుంటున్నాను, ముగ్గురి పెదాలూ మూసుకునే ఉన్నాయి. సీటు పోయింది. పోవడం చాలా తేలిగ్గా జరిగింది, మోత కూడా లేదు. సాయంత్రం మా ఆవిడ మొహానికెదురుగా ఏ మొహం పెట్టాలో తెలియదు. వచ్చే ఏడాది నా కుర్చీలో సంతకాలవాడు. ఇవన్నీ తెలుస్తూనే ఉన్నాయి, అయినా నేను కుర్చీ వదల్లేదు.

ఆఫీసరు, "అయితే ఈ అభ్యర్థి విషయం ముగిసినట్టే," అని కాగితం కాదుగారి ముందుకి జరిపాడు. మేడమ్ చెయ్యి చాపి దాన్ని తనవైపు లాక్కుంది. "సీటు విషయం ముగిసింది. ఈ కారణం గడి వేరే," అంది. కలం మూత తీసి, కళ్ళజోడు సర్దుకుని, నా మొహానికెదురుగా మొహం పెట్టింది. "చెప్పండి. ఆ గదిలో మీ బల్ల గోడకి ఎంత దూరంలో ఉండేది?"

"ఆనుకునే ఉండేదండీ."

"గోడ అవతల మనుషులెంత దూరంలో నిలబడేవాళ్ళు?"

చెప్పాను. రాసుకుంది. అవతల పనిచేసి ఇంటికి పోయినవాళ్ళ కాగితాలు ఎవరి దగ్గరున్నాయని అడిగింది. ఈయన దగ్గరేనండీ అన్నాను. కాదుగారు ముందుకి వంగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆమెతో ఏదో అనబోయాడు.

ఆమె ఆయనవైపు తిరగలేదు. "చెయ్యి తీసి మాట్లాడండి సార్," అంది. "ఆయనకి కూడా వినపడాలి."

చెయ్యి తీశాడు.